కథకి పిడికెడు

"నువ్వు గింజలేరుతూనే చెప్పు. ఆపావంటే నాకు లింకు తెగిపోద్ది" అన్నాడు ఆల్విన్, పొయ్యి పక్కన పీట వేసుకుని, కాఫీ గ్లాసుని రెండు చేతుల మధ్య దాచుకుని.

కృపావతి ఆపలేదు. ఒళ్ళో వెదురు చేట, చేటలో పొట్టు తీసిన కాఫీ గింజలు. నల్లవీ, విరిగినవీ, పురుగు తొలిచినవీ ఏవో ఆమె వేళ్ళకే తెలుసు, ఏరి పక్కన పడేస్తున్నాయి. నోరు మాత్రం ఎక్కడో సముద్రపొడ్డున ఉంది. ఉప్పుమడుల్లో పనిచేసే ముగ్గురు అక్కచెల్లెళ్ళ నవల అది. నిన్న మధ్యాహ్నం మేడ మీద దుప్పట్లు ఆరేలోపల, తాడు కింద చతికిలబడి పూర్తి చేసింది. "చదువుతున్నంతసేపూ పెదాల మీద ఉప్పు తగుల్తాదండీ. నడిపిది నవ్వినప్పుడల్లా మనకి ఏడుపొస్తాది. కష్టంలో ఉన్న మనిషికి మటుకు ఇవ్వకూడదిది. అన్నీ ఉండి, ఏదో తక్కువైందనుకునే వాళ్ళకివ్వాలి" అంది.

ఆల్విన్ ఊఁ కొట్టాడు. చలికాలం అరకులో పొద్దుటి మంచు ఎవర్నీ అడగదు. కిటికీలోంచి వచ్చి గిన్నెల మధ్య కూర్చుంటుంది. ఆ మంచులో, పొయ్యి వెలుగులో, మొగుడు పక్కన కూర్చుని ఊఁ కొడుతుంటే, కాపురం మొత్తంలో ఇదే తియ్యటి వేళ అనిపించేది ఆమెకి కొత్తలో. ఏ మొగుడు వింటాడు పెళ్ళాం మాట? పుట్టింటికెళ్ళినప్పుడు వదినలందరికీ చెప్పుకుంది. మా ఆయన నాచేత కథలు చెప్పించుకుంటాడు అని. వాళ్ళు నమ్మలేదు. నమ్మకపోవడమే రైటు. అతను ఎందుకు వింటాడో కృపావతికి ఆలస్యంగా తెలిసింది.

వాళ్ళది బస. ఊరికి వచ్చే టూరిస్టులకి నాలుగు గదులు, రెండు పూటలా భోజనం, వెళ్ళేటప్పుడు కొనుక్కోడానికి కాఫీ గింజల పొట్లాలు. రోడ్డు మీద 'ఆల్విన్ బుక్ నెస్ట్' అని బోర్డు. స్థలం మటుకు కృపావతి పేరు మీద ఉంది. ప్రేమకొద్దీ రాయించింది కాదు. ఏజెన్సీలో కొండవాళ్ళు కానివాళ్ళ పేర భూమి రాయకూడదు గనక, సాలూరు నించి వచ్చిన ఆల్విన్‌కి కొండపిల్ల సంతకం కావాల్సొచ్చింది. కాగితం మీద యజమాని ఆమె. బోర్డు మీద అతను. ఈ రెంటికీ మధ్యనున్న వంటిల్లు, దుప్పట్లు, స్నానాలగదుల్లో జారే నాచు, వచ్చినవాళ్ళ పిల్లలు తిని వదిలేసిన ఇడ్లీ ముక్కలు ఎవరి పేరా లేవు. కాబట్టి అవి కూడా ఆమెవే.

వరండాలో రెండు బీరువాల నిండా పుస్తకాలు. కొన్ని మూతపడ్డ ఆస్పత్రి లైబ్రరీలోంచి తూకానికి కొన్నవి, కొన్ని వచ్చినవాళ్ళు వదిలేసినవి. ఫోటోల్లో బాగుంటాయని కొన్నాడు ఆల్విన్. దుమ్ము దులిపే పని కృపావతిది. దులుపుతూ ఒకటి తెరిచింది. మిషను హాస్టల్లో ఇంటర్ దాకా చదివిన పిల్ల, పెళ్ళయాక బియ్యం సంచి మీద అక్షరాలు తప్ప చదవడానికేం దొరకని పిల్ల. ఇంక ఆగలేదు. పప్పు ఉడికేలోపు ఒక పేజీ. కరెంటు పోయి మిక్సీ ఆగితే రెండు పేజీలు. అత్త లూర్దమ్మకి అది ఒంట్లో జబ్బులా కనబడేది. "ఏటి సేత్తన్నావే అక్కడ? దులపమంటే పుస్తకంలోకి దూరిపోనావా? గుంటకి ఒళ్ళు తెలీదు, ప్రభువా" అని పడక్కుర్చీలోంచి కేకేసేది.

ఒకరోజు ట్రేలో ఆరు టీలు పెట్టుకుని వరండాలోకి వెళ్ళింది. బెంగుళూరు నించి వచ్చిన జంటలు. ఆల్విన్ కేన్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని, రైలు గేటు దగ్గర కాపురముండే ఒకావిడ కథ తీసి చూపిస్తున్నాడు. "ఈ పుస్తకం చదువుతుంటే ఎవరో మన జుట్టులో వేళ్ళు పెట్టి చిక్కు తీస్తున్నట్టుంటుంది" అన్నాడు. కృపావతి గుమ్మంలోనే నిలబడింది. ఆ మాట తనది. మొన్న పొద్దున పొయ్యి దగ్గర, తలకి నూనె రాసుకుంటూ అన్నది. మొగాడి నోట్లో ఆ జుట్టూ ఆ చిక్కూ ఎంత వింతగా ఉన్నాయో ఎవరికీ తట్టలేదు. "అబ్బ, ఎంత బాగా చెప్పారు సార్" అంది అందులో ఒకమ్మాయి. మా ఆవిడ చెప్పింది అంటాడేమోనని కృపావతి ట్రే పట్టుకుని చూసింది. టీ మీద మీగడ కట్టింది. ఆల్విన్ తలెత్తి, "ఈవిడా? ఈవిడకి పుస్తకాలు పడవండీ. వంటిల్లే ఈవిడ లోకం. చారు తిని చూడండి, వదల్లేరు" అన్నాడు. అందరూ ఆమె వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆడదాని ముఖం అలాంటప్పుడు దానంతటదే నవ్వేస్తుంది. దాన్ని తన్నాలి అసలు.

ఒకరి కష్టం ఇంకొకరు ఎత్తుకుపోతే బజార్లో దొంగతనం అంటారు. ఇంట్లో అయితే కాపురం అంటారు.

అయినా మర్నాడు పొద్దున మళ్ళీ చెప్పింది. ఎందుకు చెప్పావమ్మా అని మనం అడగొచ్చు. చెప్పకపోతే ఆ కథలు లోపలే ఉండి బరువెక్కుతాయి. ఇంకెవరున్నారు వినడానికి? పైగా అతను ఇచ్చేవి తప్పుడు పుస్తకాలు. మొగుడు పోయి కొత్తగా తిరుగుతున్నావిడకి, ఇవ్వకూడదని చెప్పిన ఉప్పుమడుల నవలే ఇచ్చాడు, కవరు బాగుందని. కృపావతి గదులు ఊడ్చేటప్పుడు మనుషుల్ని చూస్తుంది. తన దుప్పటి తనే మడిచి పెట్టే మనిషి, ఫోను బోర్లించి పెట్టే మనిషి, అద్దానికి తువ్వాలు కప్పేసిన మనిషి. ఎవరికే పుస్తకం కావాలో ఆ గదే చెప్తుంది. ఉతికిన తువ్వాలు మడతలో ఆ పుస్తకం పెట్టి మంచం మీద ఉంచి వచ్చేది. అద్దం కప్పేసిన పిల్లకి పిట్టల గురించి రాసిన లావుపాటి పుస్తకం పెట్టింది. ఆ పిల్ల ఇంకో రోజు ఉండిపోయి, తెల్లారేసరికి తోటలో మెడ పైకెత్తి తిరిగింది. వెళ్ళేటప్పుడు ఆల్విన్ చెయ్యి పట్టుకుని, "మీకెలా తెలిసింది సార్" అని ఏడ్చింది. ఆల్విన్‌కి ఏమీ తెలీదు. అయినా ఆ ఏడుపు పుచ్చుకున్నాడు.

అలాంటి రోజుల్లో కృపావతికి అవ్వ గుర్తొచ్చేది.

గూడెం కొత్తవీధి పైన కొండవాలులో వాళ్ళ తోట. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, చెట్లకి మిరియాల పాదులు, కింద కాఫీ. పళ్ళు ఎరుపెక్కాక ఆడవాళ్ళంతా నడుముకి సంచులు కట్టుకుని వరసల్లోకి దిగేవాళ్ళు. వాళ్ళ వరసలో ఒక పద్ధతుండేది. ఒక మనిషి కథ చెప్తుంది. చెప్పేటప్పుడు చెయ్యి నిదానిస్తుంది కదా, అందుకని పక్కనించి దాటే ప్రతి మనిషీ తన సంచిలోంచి పిడికెడు పళ్ళు తీసి ఆమె సంచిలో వేసి పోవాలి. కథకి పిడికెడు. అడక్కూడదు, గుర్తు చెయ్యకూడదు. వెయ్యకుండా దాటితే మటుకు అవ్వ చెప్పేది ఆపేసి ఆకాశం వైపు చూసేది. రాకుమారి పులి నోట్లో ఉన్నా సరే, అక్కడే ఉండేది. పిడికెడు పడేదాకా పులి కూడా నమిలేది కాదు. సాయంత్రం తూకం దగ్గర అవ్వ సంచి అందరి సంచులంతే తూగేది. కథ చెప్పడం పని కాదని ఆ కొండమీద ఎవ్వరూ అనలేదు.

ఇక్కడ అంటారు.

క్రిస్మస్ వారం నాలుగు గదులూ నిండిపోయాయి. లూర్దమ్మ చర్చి మెట్లు దిగుతూ కాలు మడతపెట్టుకుని మంచం ఎక్కింది. కృపావతి పుస్తకం ముట్టి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలీదు. పొద్దున్నే ఆల్విన్ వచ్చి పీట లాక్కున్నాడు. "కొత్తదేటైనా చెప్పు, బేగి. నిన్నొచ్చినోళ్ళలో ఒక కుర్రాడు వీడియోలు తీస్తాడంట."

చదివింది ఏదీ లేదు. లేదని చెప్పడానికే నోరు తెరిచింది. ఒళ్ళో చేట ఉంది, వేళ్ళు ఏరుతున్నాయి, కిటికీ అవతల లోయ నిండా మంచు కదలకుండా పాలపొంగులా నిలబడి ఉంది. నోరు తెరిచాక వేరే మాట వచ్చింది.

"ఒకావిడండీ. ఇల్లు కొండమీద. రోజూ తెల్లారేసరికి లోయ నిండా మంచు. అందరూ దాన్ని చూస్తారు, ఫోటోలు తీస్తారు. ఈవిడ ఒకరోజు పొయ్యి వెలిగించబోయి, అగ్గిపెట్టె కింద పెట్టి, గుమ్మం దిగి దాని మీద కాలేసింది. మునగలేదు. మెత్తగా ఉంది, తడి గడ్డిలాగ. నడుచుకుంటా పోయింది. అవతలి కొండమీద ఒక గదుంది. గదిలో చాపుంది, కిటికీ ఉంది. తోమాల్సిందీ ఉతకాల్సిందీ ఏదీ లేదు. ఆవిడ అక్కడ కూర్చుంది. ఏమీ చెయ్యలేదు. కూర్చుందంతే. ఎండెక్కేలోపల తిరిగొచ్చి టీ పెట్టేసింది. అలా రోజూ. ఇంట్లో ఎవరికీ తెలీదు. టీ వేళకి టీ వస్తుంటే ఎవరికి తెలుస్తాది? ఒకరోజు మటుకు ఆ గదిలో కాస్త కునుకు పట్టింది. ఆలస్యమైపోయింది. గబగబా వస్తోంది. సరిగ్గా నడిమధ్యకొచ్చేసరికి ఎండొచ్చింది. మంచు విడిపోతోంది—"

"ఆంటీ, వేణ్ణీళ్ళు రావట్లేదు" అని పై గదిలోంచి ఎవరో కేకేశారు. కృపావతి చేట దించి పరిగెత్తింది.

"ఎవర్రాశారు?" అని మెట్ల కింద నించి అడిగాడు ఆల్విన్.

"అట్ట చిరిగిపోయిందండీ. పేరు లేదు."

ఆ వీడియో చాలామంది చూశారంట. కేన్ కుర్చీలో ఆల్విన్, వెనక మంచు. చెప్పి చెప్పి నడిమధ్యకొచ్చేసరికి ఆపి, చిన్నగా నవ్వి, "మిగతాది పుస్తకం చదివి తెలుసుకోండి" అన్నాడు. అది అతనికి తెలీక ఆపాడని ఎవరికీ తెలీదు. గొప్పగా ఆపాడన్నారు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని ఫోన్లొచ్చాయి. ఎవరో పట్టుకెళ్ళారు, వస్తుంది అని చెప్తూ పోయాడు. కృపావతిని మటుకు అడగలేదు. అతని లెక్కలో అది కనబడని పుస్తకం, అంతే. బీరువాల వెనకో, బియ్యం డబ్బా వెనకో ఉంటుంది.

కాఫీ కోతలు అయిపోయాక హేమలత వచ్చింది. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం, యాభై దాటిన మనిషి, ఒక్కతే, చిన్న సంచితో. గది కూడా చూడకుండా వరండాలోనే కూర్చుంది. బీరువాల ముందుకెళ్ళి వేలితో పుస్తకాల వీపులన్నీ తడిమి, వెనక్కొచ్చింది.

"నాకో మంచి పుస్తకం కావాలి సార్. ఒకప్పుడు తిండి మానేసి చదివేదాన్ని. ఇప్పుడు ఏదీ పట్టుకుని పూర్తిచెయ్యలేకపోతున్నా. ఇంట్లో కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. పిలవకపోయినా పిలిచినట్టుంటుంది."

"ఉంది మేడమ్, మీలాంటి వాళ్ళకోసమే" అని ఆల్విన్ లేచి ఉప్పుమడుల నవల తీశాడు.

"అది కాదు. ఆ మంచు మీద నడిచే ఆవిడ. దానికోసమే వచ్చాను." ఆమె నవ్వలేదు. "మీరు అక్కడ ఆపేశారు. రోజూ పొద్దున్న కుక్కర్ పెట్టేటప్పుడు ఆవిడ అక్కడే నిలబడి ఉంటుంది నాకు. పడిపోయిందా, ఇంటికొచ్చేసిందా, తెలీదు. మా ఆయన నవ్వుతాడు. కథే కదే అంటాడు. అది చదివితే తప్ప ఇంకోటి ముట్టలేను సార్."

వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ కృపావతి చేటని పొట్టకి ఆనించుకుంది. తను కల్పించిన ఆవిడ, ఎవరో తెలియని మనిషి వంటింట్లో కుక్కర్ పక్కన నిలబడి ఉందంట, ఇన్నాళ్ళూ, గాల్లో. తనింట్లో మంచు మటుకు పొద్దున్నే వచ్చి గిన్నెల మధ్య కూర్చుని పోతోంది.

"ఒక్క నిమిషం మేడమ్. మా ఆవిడ సర్దేటప్పుడు ఎక్కడో పెట్టేసింది" అన్నాడు ఆల్విన్.

"దానికేటి తెలుసు? ఏ వస్తువూ సోటున ఉంచదు" అంది లూర్దమ్మ లోపలి మంచం మీంచి.

ఆల్విన్ వంటింట్లోకి వచ్చి తలుపు వారగా వేశాడు. గొంతు తగ్గించాడు. "ఎక్కడుందే ఆ పుస్తకం?"

"లేదు."

"ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు. అలాంటి పుస్తకం లేదు. ఆరోజు నాకు చదవడానికి కుదర్లేదు. నేనే కల్పించి చెప్పాను."

ఆల్విన్ ఆమెని చూశాడు. ఇప్పుడు అరుస్తాడు అనుకుంది. పరువు తీశావంటాడు. లేకపోతే, ఏమో, నువ్వా, నువ్వే కల్పించావా అంటాడు. ఆ రెండో మాటకోసం ఆమె చెవులు ఎంత ఆశపడ్డాయో చెప్తే సిగ్గు. చేట అంచు పట్టుకుని ఎదురుచూసింది, పెళ్ళినాటి పిల్లలాగ.

అతను గడియారం చూసుకున్నాడు. "సర్లే. అయితే ముగింపేటి? బేగి చెప్పు. పుస్తకం పోయిందని నేను మేనేజ్ చేస్తా. పడిపోద్దా, బతుకుద్దా? ఒక్క ముక్కలో చెప్పు చాలు."

అంతే. పొయ్యి మీద పాలు కూడా పొంగలేదు. లోపల మటుకు అవ్వ ఆకాశం వైపు చూసింది.

ఒక్క ముక్కలో చెప్పేస్తే అయిపోతుంది. అతను వరండాలోకి వెళ్ళి తన గొంతుతో, తన చెయ్యి ఊపుకుంటా చెప్తాడు. ఆ మనిషి మెచ్చుకుంటుంది. ఆ మంచు, ఆ గది, ఆ చాప, ఊపిరాడని వారంలో ఎక్కణ్ణించి వచ్చిందో తెలియని ఆ ఆడమనిషి, అన్నీ ఆల్విన్‌వి అయిపోతాయి. తనకి తెలిసి మొదటిసారి, ఎవరో రాసింది కాదు, తనది. కృపావతి నోట్లో ముగింపు ఉంది. నాలుక మీద తడిగా ఉంది. నోరు మూసుకుంది.

"కృపా, నీకే చెప్పేది."

ఆమె తలుపు తీసింది. చేట పట్టుకుని వరండాలోకి నడిచింది. మంచు మెట్ల దాకా వచ్చి ఉంది. కేన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ ఎన్నిసార్లు తుడిచిందో గానీ కూర్చోవడం ఎప్పుడూ లేదు. కూర్చుంది. కిర్రుమంది.

"పుస్తకం లేదు మేడమ్" అంది హేమలతతో. "ఎప్పుడూ లేదు. అది నేను అల్లింది."

హేమలత ఆమె చేతుల్ని చూసింది. కాఫీ పొట్టు గోళ్ళలో ఇరుక్కున్న చేతులు. "మరి ఆవిడ?"

"ఉంది. ముగింపు కూడా ఉంది. మీకు చెప్తాను."

వెనకే వచ్చిన ఆల్విన్ నవ్వాడు. "జోకులేస్తాది మేడమ్ మా ఆవిడ. కృపా, లోపల గింజలు చూడాలి కదా, సాయంత్రానికి ప్యాకింగ్ ఉంది. లెగు. నేను మాట్లాడుతున్నా కదా."

"ఉంది ప్యాకింగ్" అంది కృపావతి. లేవలేదు. చేట ఎత్తి అతని రెండు చేతుల్లో పెట్టింది. అతను పట్టుకోకపోతే గింజలు ఒలుకుతాయి, అందుకని పట్టుకున్నాడు. "మా కొండమీద కథ చెప్పే మనిషి వంతు పని మిగతావాళ్ళు చేస్తారు. ఇన్నేళ్ళు ఇక్కడ ఎవరూ పిడికెడు వెయ్యలేదు, నేనూ ఆపలేదు. అది నాదే తప్పనుకోండి. ఇప్పుడు మీరు ఏరండి. ఏరినంతసేపే చెప్తాను. మీరు ఆపితే ఆవిడ అక్కడే నిలబడిపోద్ది. ఈ మేడమ్ వైజాగు నించి వచ్చారు, ఆలోచించుకోండి."

ఆల్విన్ హేమలత వైపు చూశాడు. హేమలత చేట వైపు చూసింది. ఆ చూపులో తొందర ఉంది. అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు.

లోపల మంచం కిర్రుమంది. లూర్దమ్మ కర్ర పట్టుకుని కుంటుకుంటా గుమ్మందాకా వచ్చి తలుపుకి ఆనుకుంది. తిడుతుందనుకుంది కృపావతి. ముసలామె కొంగుతో మూతి తుడుచుకుని, "ఎండొచ్చీసింది, మంచు ఇడిపోతంది అన్నావు ఆవేళ. గోడవతల నించి ఇన్నాను. తర్వాతేటైంది?" అంది.

కృపావతి లోయ వైపు చూసింది.

"మంచు విడిపోయింది. కింద చెట్లూ, రోడ్డూ, రైలు పట్టాలూ అన్నీ కనబడ్డాయి. ఆవిడ ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. పడిపోతాననుకుంది. పడలేదు. ఒక కాలు తీసి ఉత్త గాలి మీద వేసింది. మోసింది. ఇన్నాళ్ళూ మంచు తనని దాచిందే గానీ మోసింది కాదని అప్పుడు తెలిసింది. కింద రోడ్డు మీద జనం ఆగి తలెత్తి చూస్తన్నారు, టీ వేళ దాటిపోయింది, ఇంట్లోంచి పిలుస్తన్నారు. ఆవిడ ఇటు చూసింది. అటు చూసింది—"

ఆగింది. మెట్టు మీద ఆల్విన్ వేళ్ళు ఆగి ఉన్నాయి. హేమలత కూడా అటే చూసింది. లూర్దమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

ఆల్విన్ తలొంచుకుని, పిడికెడు గింజలు అరచేతిలో పరుచుకుని, మెల్లగా ఏరడం మొదలెట్టాడు.

"అది నల్లది" అంది కృపావతి. "మంచివాటిలో కలిపేస్తన్నారు. తీసెయ్యండి." తీసేదాకా చూసి, కథలో గాలి మీద నిలబడి ఉన్న ఆవిడ దగ్గరికి మళ్ళీ నడిచి వెళ్ళింది.